వచ్చే శుక్రవారం దాకా

ఈ కాలపు పాటల్లో ఏది బతకాలో, ఏది చావాలో తేల్చే పని దేవుడు ఆమె భర్తకే అప్పజెప్పాడు. కనీసం ఆయన నమ్మకం అది. ప్రతి ఆదివారం పేపర్లో ‘నూరేళ్ళ పాట’ అని ఒక శీర్షిక రాసేవాడు. మన మునిమనవలు ఏం పాడుకుంటారో అందులో ముందే చెప్పేసేవాడు. మునిమనవలు వచ్చి కాదనలేరు కదా, ఆ శీర్షికకు ఎదురే లేకపోయింది. అందరూ ఆయన్ని నూరేళ్ళాయన అని పిలిచేవాళ్ళు.

మూడేళ్ళ కిందట ఆయన చేతిలో పడింది సాక్షాత్తూ ఆమె తమ్ముడి పాట. మాటలూ బాణీ రెండూ వాడివే.

టిక్కెట్టు కొనకుండా గుండెల్లో ఎక్కావు,
దిగమంటే దిగవేమే దొంగ పిల్లా.

బస్సుల్లో, సెలూన్లలో, పెళ్ళి విందుల్లో అదే మోగుతుంటే నూరేళ్ళాయన కలం తీశాడు. ‘ఈ పాట శుక్రవారం పుట్టింది. వచ్చే శుక్రవారానికి నూరేళ్ళూ నిండుతాయి’ అని రాశాడు. తన తెలివికి తనే మురిసిపోయి ఆమెకు చదివి వినిపించాడు కూడా.

తమ్ముడు మళ్ళీ ఆ గడప తొక్కలేదు. “బాగుందని బావ నోటితో అనేదాకా రానక్కా” అన్నాడు. బతికున్నవాళ్ళ గురించి బావ నోట ఆ మాట వచ్చిన దాఖలా ఒక్కటీ లేదు. పుట్టింటి వైపు ఆమెకు మిగిలింది ఆ తమ్ముడొక్కడే. ఈ మూడేళ్ళూ ఇద్దరు మొండిఘటాల మధ్య ఆమె నలిగిపోయింది.

ఆయన పనితీరు ఆమె ఒక్కదానికే తెలుసు. గొప్ప పాటైతే ఒకసారి విని, కళ్ళు మూసుకుని, తలాడించి రాసేసేవాడు. గొప్పదని ముందే తెలిశాక మళ్ళీ వినడం దేనికి? చెత్త పాటకు అలా కుదరదు. తప్పు పట్టాలంటే వేలు ఎక్కడ పెట్టాలో తెలియాలి. అందుకని గది తలుపు వేసుకుని వేసిందే వేసి, విన్నదే వినేవాడు. తమ్ముడి పాటనైతే పీల్చి పిప్పి చేశాడు. వంటింట్లో కుక్కరు కూడా ఆ తాళానికే కూత వేస్తోందా అని ఆమెకు అనుమానం వచ్చింది.

ఇప్పుడు ఆయన గాల్ బ్లాడర్లో రాళ్ళు తేలాయి. అవి ఎక్కడివని ఆమె డాక్టర్ని అడగలేదు. అందరి పాటల మీదా వేయగా మిగిలినవై ఉంటాయి.

ఆపరేషన్ అనగానే తమ్ముడికి ఫోన్ చేసింది. వచ్చాడు. వచ్చి ఆసుపత్రి వరండా చివరి కుర్చీలో కూర్చుని మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. “నీకోసం వచ్చాను. లోపలికి మాత్రం రాను” అన్నాడు. రాకరాక వచ్చినవాడు అలాగే వెళ్ళిపోతాడేమోనని ఆమె ఆ కుర్చీ వైపే చూస్తోంది.

అంతలో థియేటర్ వైపు తలుపులు తెరుచుకున్నాయి. ట్రాలీ కంటే ముందు పాట వచ్చింది.

“టిక్కెట్టు కొనకుండా…”

“మత్తు దిగేటప్పుడు కొందరు ఏడుస్తారు, కొందరు తిడతారు మేడమ్,” అంది నర్సు ట్రాలీ తోస్తూ. “ఈయన కళ్ళు తెరిచిన దగ్గర్నుంచీ ఇదే. పక్క మంచాలవాళ్ళు కూడా అందుకున్నారు.”

నూరేళ్ళాయన పల్లవి పాడాడు, మొదటి చరణం పాడాడు. మధ్యలో వయొలిన్ వచ్చే చోట వయొలిన్ కూడా తనే అయ్యాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

“ఏవండీ, మీ నూరేళ్ళ పాటల్లో ఒకటి పాడండి.”

ఆయన ఒక కన్ను తెరిచాడు. “అపూర్వమైన రచన,” అన్నాడు.

“సరే, పాడండి మరి.”

“గంభీరమైన భావం.”

“మొదటి మాట ఏంటి?”

ఆయన చాలాసేపు వెతుక్కున్నాడు. “పేపర్లో రాశాగా, చూసుకో,” అని, హాయిగా రెండో చరణం ఎత్తుకున్నాడు.

“కిటికీ సీటు నీకే ఇచ్చి, ఆఖరి స్టాపు దాకా నిలబడే ఉంటా…”

“అక్కడ ‘అరుస్తూ ఉంటా’ బావా.”

తమ్ముడు ఎప్పుడు లేచాడో, ట్రాలీ పక్కనే ఉన్నాడు. పేపరు కుర్చీలోనే ఉండిపోయింది.

“అరవడమేంట్రా? సీటు పిల్లకిచ్చినవాడు నిలబడతాడు గానీ అరుస్తాడా? నేను మొదట్నుంచీ ఇలాగే పాడుకుంటున్నా.”

తమ్ముడు పెదాలు కదిలించి ఆ ముక్క లోలోపలే పాడి చూసుకున్నాడు. మరోసారి చూసుకున్నాడు.

“ఇదే బాగుంది,” అన్నాడు. “పోయే పాటకి ఇంత రిపేరు ఎందుకు చేశావు బావా?”

నూరేళ్ళాయన కళ్ళు మూసుకునే, “ఇవాళ ఏ వారం?” అన్నాడు.

“శుక్రవారం,” అంది ఆమె, దుప్పటి ఆయన గడ్డం దాకా లాగుతూ. “మీరు రాసింది కాదులెండి. అది పోయి మూడేళ్ళయింది.”

తమ్ముడు ట్రాలీ రెండో కొస పట్టుకున్నాడు.

“రేపు ఇంటికి నేనే తీసుకొస్తాలే అక్కా,” అన్నాడు. “దారంతా ఈయన గొంతు భరించాలి, అదొక్కటే.”