లోగో కింద అతుకు

మలుపులో బండి జారిన రోజు తమ్ముడి జాకెట్ కుడి భుజం దగ్గర పిగిలిపోయింది. మిగతా ఒంటి మీద గీత కూడా పడలేదు కానీ, ఆ భుజాన్ని మాత్రం రోడ్డు తినేసింది. బండి మీద దూసుకుపోతాడని స్నేహితులంతా తూనీగ అని పిలిచే మనిషి ఇప్పుడు కుడిచేత్తో తల దువ్వుకోలేడు.

ఫిర్యాదు చేస్తే ఆ జాకెట్ల కంపెనీ మేనేజర్ ఆసుపత్రికి వచ్చాడు. చిరిగిన జాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, మంచం పక్కనున్న అక్కను అడిగాడు.

"మీరు తోలుపని చేస్తారటగా అమ్మా?"

"అవునండీ, చిన్న దుకాణం ఉంది."

"అదీ సంగతి! ఇంట్లో విప్పి కుట్టుంటారు. మా కుట్టు ఊడదు."

పరీక్ష చేయిస్తానని అతను జాకెట్ పట్టుకుపోయాడు. జాకెట్ తిరిగి రాలేదు, కాగితం వచ్చింది. కొన్నవాళ్లే జాకెట్‌ను మార్చారనీ, బాధ్యత కంపెనీది కాదనీ అందులో రాసి ఉంది. తమ్ముడు అది చదివి తలెత్తాడు.

"అక్కా, నువ్వేమైనా..."

మిగతాది మింగేశాడు. ఆ సగం మాట ఆమె గుండెలో ముల్లులా దిగబడింది. భుజం పోగొట్టినందుకు కాదు, తమ్ముడి చేత ఆ మాట అనిపించినందుకు మేనేజర్‌ను వదిలిపెట్టకూడదనుకుంది.

నాలుగు నెలల తర్వాత బండి మీద పార్సిళ్లు చేరవేసే ఒకామె అదే కంపెనీ జాకెట్ తెచ్చింది. కుడి భుజం మీద అరచెయ్యంత తోలు లోగో.

"ఇది తీసేయండక్కా. కొన్నది నేను, వాళ్ల బోర్డు కూడా నేనే మొయ్యాలా?"

అక్క కుట్లు ఒక్కొక్కటే కోసి లోగో పైకి లేపింది. కింద రెండు తోలు ముక్కల అతుకు. వేలు పెట్టి లాగితే విచ్చుకుంది. తమ్ముడి జాకెట్ పిగిలింది సరిగ్గా అక్కడే.

మర్నాటి నుంచి ఆ కంపెనీ లోగోలు ఊరికే తీసిపెడతానని బండివాళ్లందరికీ కబురు పంపింది. లోగో తీసిన ప్రతి జాకెట్‌నూ దాని యజమానికి చూపించింది. నలభై మూడింటిలో ముప్పై ఏడింటికి అతుకులున్నాయి.

"ఇక చాలక్కా, నిన్ను అనుమానించింది నేనేగా. క్షమించు" అన్నాడు తమ్ముడు.

"నిన్నెప్పుడో క్షమించాను. వాణ్ణి కాదు."

కంపెనీ కొత్త షోరూమ్ తెరిచిన ఆదివారం ఉదయం ఆ ముప్పై ఏడు మందీ లోగోల్లేని జాకెట్లు తీసుకుని వచ్చారు. వేదిక మీద మేనేజర్ కంపెనీ జాకెట్ వేసుకుని మైకు పట్టుకున్నాడు. అక్క నేరుగా మెట్లెక్కింది.

"మీ కుట్టు ఊడదన్నారుగా, మేనేజర్ గారూ. ఒక్కసారి మీ జాకెట్ ఇవ్వండి."

అంతమంది చూస్తుంటే కాదనలేక నవ్వుతూ విప్పి ఇచ్చాడు. ఆమె లోగో కోసి తీసింది. కింద తోలు ఒకటే ముక్క, నున్నగా ఉంది. ఆమె వేలితో మళ్లీ తడిమి చూసింది.

మేనేజర్ మైకులో అరిచాడు. "చూశారా! ఒక్క అతుకు లేదు!"

పార్సిళ్లామె తన జాకెట్ పైకెత్తి విచ్చుకున్న భుజం చూపించింది. వెనకాల ముప్పై ఆరు జాకెట్లు లేచాయి.

"మరి మాకెందుకున్నాయి సార్?"

మైకులో మేనేజర్ ఊపిరి ఒక్కటే వినిపించింది.

నెల తిరక్కుండా కంపెనీ ఆ జాకెట్లన్నీ వెనక్కి తీసుకుంది. మేనేజర్‌ను ఇంటికి పంపింది. పరిహారం మాట్లాడటానికి వచ్చిన కంపెనీ లాయరుతో అక్క ఒక్కటే చెప్పింది. "ముందు ఆ మేనేజర్‌ని మా ఇంటికి రమ్మనండి."

అతను వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి, తల వంచుకుని, "మీ అక్క విప్పలేదు బాబూ. నాకప్పుడే తెలుసు" అన్నాడు.

అక్క కూర్చోమనలేదు. వణుకుతున్న అతని పెదాలను తనివితీరా చూసింది. జాలి పుడుతుందేమోనని ఒక్క నిమిషం ఆగింది కూడా. పుట్టలేదు. తలుపు వేసేసింది.