ఏసేపు లారీ ఆగిన చోటు

లారీలకు జాడ చెప్పే కొత్త జీపీఎస్ పెట్టెలు బిగించిన పదో రోజున ఏసేపును ఆఫీసుకు పిలిపించారు.

ఎర్రగుంట్ల నుంచి బద్వేలుకు సిమెంటు తోలే డ్రైవర్లలో పద్నాలుగేళ్లుగా ఒక్క మాట పడని మనిషి అతను. అందుకే పిలుపు వచ్చినా భయపడలేదు. లోపల బావమరిది హెన్రీ కూర్చుని ఉండటం చూశాక మాత్రం గుమ్మంలోనే ఆగాడు. హెన్రీ అక్కడే లోడింగు మేస్త్రీ. ఏసేపుకు బండి ఇప్పించిందీ, పూచీగా సంతకం పెట్టిందీ అతనే.

బండ్ల రాకపోకలు చూసే ఉమామహేశ్ కంప్యూటరు తెరను ఏసేపు వైపు తిప్పాడు.

“పాత పెట్టె ఉన్నన్నాళ్లూ నువ్వు శానా మంచోడివి, ఏసేపన్నా,” అన్నాడు నవ్వుతూ. “అది పది నిమిషాలకొకసారి కన్ను తెరిచేది. తెరిచినా ఊరు చెప్పేదే గాని ఇల్లు చెప్పేది కాదు. ఇప్పుడు ముసలి ఉపగ్రహాల స్థానంలో కొత్తవి ఎక్కిస్తాండారు. మన దేశానివీ ఉండాయి. ఈ పెట్టె అన్నిటి మాటా ఇంటాది. నువ్వు రోడ్డుకు ఏ పక్క నిలబడినావో గూడా చెప్తాది.”

తెర మీద కమలాపురం దాటాక రోడ్డు పక్కన ఎర్ర చుక్కలు, ఒకదాని మీద ఒకటి. ఆ పక్కనే రేకుల ఇల్లొకటి, ఆకాశం నుంచి చూస్తే అగ్గిపెట్టెంత ఉంది.

“ఏడు ట్రిప్పులు తోలినావు. ఏడు సార్లూ ఈడే ఆపినావు. మూడేసి నిమిషాలు. ఇంజను మాత్రం ఆపలేదు. ట్యాంకులో పైపు ఏసి డీజిలు గుంజేదానికి మూడు నిమిషాలు చాలు గదా?”

“ఒంటికి పోయింటాడులేప్పా,” అన్నాడు హెన్రీ.

“రోజూ ఒకరింటి ముందరే వస్తాదా ఏంది, ఒంటికి?”

ఏసేపు ఆ అగ్గిపెట్టెను చూస్తూ ఉండిపోయాడు. తన కూతురి ఇంటి కప్పును పైనుంచి అతను చూడటం అదే మొదటిసారి.

మూడేళ్ల కిందట జీవిత, కర్నూలు పడమటి పల్లెల నుంచి నాపరాయి గనుల్లో పనికి వచ్చిన అయ్యన్నతో ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. ఎక్కడ కాపురం పెట్టిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. కులం వేరు, దేవుడు వేరు. ఆ సాయంత్రమే ఏసేపు భార్య రాహేలమ్మ పత్తికి కొట్టే మందు తాగింది. కడప ఆసుపత్రిలో నాలుగో రోజున కళ్లు తెరిచి, దిండు కిందున్న బైబిలు మీద మొగుడి చేతిని పెట్టించుకుంది. దాని గడప తొక్కనని, దానితో నోరు విప్పి మాట్లాడనని చెప్పమంది. అతను చెప్పాడు. ఇంకోసారి ఇలాంటిది జరిగితే ఈ మనిషి దక్కదని డాక్టరు బయటికి పిలిచి చెప్పాడు.

ఏసేపు ఆ మాట తప్పలేదు. నిరుడు వేసవిలో మేకల మంద అడ్డమొచ్చి బండి నిలిపినప్పుడు, రోడ్డంచున చంకలో బిడ్డతో జీవిత కనిపించింది. అప్పటి నుంచి పోయినప్పుడల్లా అక్కడ ఆపుతున్నాడు. బండి దిగడు. హారను కూడా కొట్టడు. ఇంజను చప్పుడు విని ఆమె వచ్చి బిడ్డను కిటికీ ఎత్తుకు ఎత్తి పట్టుకుంటుంది. ఇద్దరూ మాట్లాడరు. అతను బన్ను పొట్లం కిందికి అందించి, బిడ్డ ముఖం చూసి, గేరు వేస్తాడు. మనవరాలి పేరేమిటో అతనికి తెలియదు.

“ఆ ఇంటోళ్లు ఎవరన్నా?” అన్నాడు ఉమామహేశ్. “నువ్వు చెప్పకపోతే రేపు మనిషిని పంపిస్తా. వాళ్లనే అడిగొస్తాడు.”

“చెప్పు బావా,” అన్నాడు హెన్రీ. “నీ మీద నాకు అనుమానం లేదు. తెలిసినోళ్లయితే తెలిసినోళ్లని చెప్పు, అయిపోతాది.”

నిజం చెబితే అయిపోయేదే. హెన్రీ ఆ మధ్యాహ్నమే అక్క చెవిన వేస్తాడు. అతని కడుపులో మాట ఆగదు. ఆ తర్వాత ఏమవుతుందో ఏసేపు ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఒకసారి చూశాడు.

“ఆ ఇంటోళ్లకు దీంతో పని లేదు,” అన్నాడు. “ఆడ రోడ్డు వెడల్పుగా ఉంటాది. ట్రాక్టరోళ్లు వస్తారు. డీజిలు నేనే అమ్ముకున్నా.”

ఉమామహేశ్ ముఖంలో నవ్వు పోయింది.

“నా సంతకం మీద ఉమ్మేసినావు బావా,” అన్నాడు హెన్రీ.

తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసిచ్చి, బండి తాళాలు బల్ల మీద పెట్టి, ఏసేపు నడిచి ఇంటికి వెళ్లాడు. అతనికంటే ముందే కబురు చేరింది. రాహేలమ్మ అరవలేదు. పొయ్యి ఆర్పేసి గడపలో కూర్చుని ఉంది.

“ఆదివారం చర్చిలో ఏ మొగం పెట్టుకొని కూర్చోవాలయ్యా?”

అతను చెప్పులు విడిచాడు.

“నువ్వు చెయ్యలేదని చెప్పు. ఊరంతా ఒకటయినా నీ మాటే నమ్ముతా.”

నిజం నోటి దాకా వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె మెడ దగ్గర ఎముకలు పైకి తేలాయి. ఇప్పటికీ అన్నం రెండు ముద్దలు కూడా గొంతు దిగవు. ఏసేపు ఆ ఎముకల వైపు చూశాడు.

“చేసినా,” అన్నాడు.

ఆమె లేచి లోపలికి పోయింది. ఆ రోజు నుంచి అతనికి కంచం పెడుతుంది గాని ముఖం చూడదు.

తొమ్మిదో రోజున, కడపలో పని వెతుక్కుంటానని చెప్పి ఏసేపు బస్సెక్కాడు. తన బండి బయలుదేరే వేళ చూసుకునే ఎక్కాడు. ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చున్నాడు. కమలాపురం దాటాక ముందు పోతున్న లారీ తనదేనని వెనక టార్పాలిను మీది అతుకును బట్టి గుర్తుపట్టాడు. దాన్ని ఎవరో కొత్త డ్రైవరు తోలుతున్నాడు.

జీవిత రోడ్డంచుకు వచ్చి నిలబడి ఉంది. లారీ దగ్గరికి రాగానే బిడ్డను రెండు చేతులా పైకెత్తింది. లారీ ఆగలేదు. లేచిన దుమ్ములో ఆమె బిడ్డను అలాగే ఎత్తి పట్టుకుని, పోతున్న లారీ వైపే చూస్తోంది.

ఏసేపు కిటికీలోంచి చెయ్యి చాపాడు. పేరు పెట్టి పిలుద్దామంటే ఒట్టు ఉంది. బస్సు ఆమెకు బారెడు దూరంలోంచి దాటిపోయింది. ఆమె ఇటు తిరగలేదు.

“చెయ్యి లోపల పెట్టుకో పెద్దాయనా,” అన్నాడు కండక్టరు. “రోడ్డు పక్క కొమ్మలు తగుల్తాయి.”

ఏసేపు చెయ్యి లోపల పెట్టుకున్నాడు.