రోల్ నంబర్ పదిహేడు

పోయినవాళ్ళను పొగడడంలో జలంధర్‌ను మించినవాడు డెబ్బై ఎనిమిది బి.కాం. బ్యాచ్‌లో లేడు. దోహాలో ఒక క్లీనింగ్ కంపెనీ స్టోర్‌లో బకెట్లు, మాపులు అందించే ఈ అరవై ఎనిమిదేళ్ళ మనిషిని అక్కడ పేరుతో పిలిచే దిక్కు లేదు. "బాబా, మాప్ దేదో" అంటారు, అంతే. క్లాస్‌మేట్ల వాట్సాప్ గ్రూపులో మాత్రం అతను మహాకవి. ఎవరు కన్నుమూసినా నివాళి అతనే రాయాలి.

ఆ గ్రూపుకో ఆచారముంది. రోజూ పొద్దున అప్పటి క్లాస్ లీడర్ తిరుమల్ జగిత్యాల నుంచి హాజరు పిలుస్తాడు. ఎవరి నంబరుకు వాళ్ళు "ప్రెజెంట్ సార్" అనాలి. రెండు రోజులు పలకకపోతే ఇంటికి ఫోన్ చేసి, మనిషి ఉన్నాడో లేడో కనుక్కోవాలి.

పోయిన నెల జలంధర్ పరువు గంగలో కలిసింది. ఒక మిత్రుడు పోతే, కరీంనగర్‌లో ఉండే గిరి ఐదు నిమిషాలు ముందే నివాళి పెట్టేశాడు. ఇంటివాళ్ళు దాన్నే దశదినకర్మ ఫ్లెక్సీ మీద వేయించారు. జలంధర్‌కు ఆ రోజంతా అన్నం సయించలేదు. పోయినవాడి మీద బెంగతో కాదు.

అందుకే ఇరవై మూడో నంబరు సాయిబాబు రెండు రోజులు పలకకపోయేసరికి ఆగలేకపోయాడు. ఫోన్ చేసి కనుక్కునేలోపు గిరి రాసేస్తే? శుక్రవారం సెలవు. ఏషియన్ టౌన్‌కు సినిమాకు పోతూ బస్సులోనే పాత నివాళి ఒకటి తీసి, పేరు మార్చి పంపేశాడు. నిమిషాల్లో ముప్పై ఒక్క దండాలు. "కండ్లల్ల నీళ్ళు తెప్పిచ్చినవ్ జలంధర్" అని ఎవరో పెట్టారు. గిరి కూడా దండం పెట్టక తప్పలేదు. ఆ దండాన్ని జలంధర్ రెండుసార్లు చూసుకున్నాడు.

సినిమా మొదలవుతుండగా వాయిస్ మెసేజ్ వచ్చింది. చెవికి పెట్టుకున్నాడు.

"ఇరవై మూడు ప్రెజెంట్ సార్. కంటి ఆపరేషన్ అయింది, ఫోన్ ముట్టొద్దన్నరు. నా మనుమరాలు చదివి వినిపిచ్చింది. జలంధర్, గిది నువ్వు విజయరాణి పోయినప్పుడు రాసిందే గదరా! నా జడల కనకాంబరాలు ఎప్పుడు చూసినవ్? నా గురించి నిజమైన ముచ్చట ఒక్కటి రాయ్‌రా. బతికుండంగనే వింట."

ముప్పై ఒక్కమందిలో ఒక్కడూ చదవలేదన్నమాట! ఇప్పుడు మాత్రం అందరూ జలంధర్ మీద పడి నవ్వారు.

జలంధర్ ఆ సినిమా చూడలేదు. ఒక్క ముచ్చట కోసం వెతుక్కున్నాడు. క్లాసుకు పోతే కదా దొరకడానికి! కాలేజీ మూడేళ్ళూ మ్యాట్నీల్లోనే గడిచాయి. తన పదిహేడో నంబరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీ నుంచి గొంతు మార్చి పలికింది సాయిబాబే. గుర్తున్నది అదొక్కటే. అది రాస్తే, అందరి జ్ఞాపకాలూ రాసే పెద్దమనిషి అసలు కాలేజీ ముఖమే చూడలేదని తేలిపోతుంది. సిగ్గుతో చచ్చిపోయాడు.

శనివారం పదిహేడు పలకలేదు. ఆదివారం స్టోర్‌లో మాపుల మధ్య కూర్చుని ఫోన్ చూస్తున్నాడే గానీ, ఏ ముఖం పెట్టుకుని పలుకుతాడు?

"పదిహేడు? జలంధర్?" అని తిరుమల్ రెండోసారి పిలిచాడు.

తెర పైన ఒక్క ముక్క కనిపించింది: గిరి టైప్ చేస్తున్నాడు.

ఇంకేముంది, జలంధర్ నివాళే! గిరి టైప్ చేస్తూనే ఉన్నాడు. పొడుగ్గానే రాస్తున్నట్టున్నాడు.

అంతలో సాయిబాబు వాయిస్ మెసేజ్ వచ్చి పడింది. గొంతు మార్చాడు.

"పదిహేడు ప్రెజెంట్ సార్!"