స్పీకర్ పెడితేనే పలికే ఫోను

యూనిఫారాలు కుట్టే ఆ వర్క్‌షాపులో కటింగ్ మాస్టారి నోట మాట రావడమంటే గగనమే. సుద్దముక్కతో గుడ్డ మీద గీత గీస్తే తప్ప ఆయన మనసులో ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. అలాంటి మనిషి ఇంటి సంగతులు వారం రోజుల్లో రచ్చకెక్కాయి. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే ఈయన మాట అవతలివాళ్లకు చేరడం లేదు. స్పీకర్ పెడితే మాత్రం శుభ్రంగా చేరుతుంది. కాకపోతే అవతలివాళ్ల మాటలు పన్నెండు మిషన్ల వాళ్లూ వింటారు.

రిపేరు షాపాయన ఫోనును అటూ ఇటూ తిప్పి చూశాడు. "మైకు పోయింది. కింద బోర్డు మార్చాలి. మూడు రోజులు వదిలెయ్యండి, బాగవ్వొచ్చు."

"అవ్వొచ్చా, అవుతుందా?"

"పాత ఫోను కదండీ. విప్పాక దేవుడెరుగు."

ఆ డబ్బేదో కొత్తదానికి పెట్టమంది భార్య. కొనేదేదో రెండు మెట్లు పైది కొంటే ఐదేళ్లు నిశ్చింత అన్నాడు ఇస్త్రీ బాబాయ్. పలికే ఫోనును ఎవరైనా పారేస్తారా అంది కాజాలు కుట్టే ఆవిడ. ఎవరి మాట వింటే వాళ్లదే సబబుగా తోచేది మాస్టారికి. రెండుసార్లు కొలత చూసుకోనిదే కత్తెర పెట్టని మనిషి. ఈ ఫోనుకు కొలత ఎక్కణ్ణుంచి తియ్యాలో అంతుపట్టలేదు.

బుధవారం పదకొండింటికి చెల్లెలు ఫోన్ చేసింది. మోకాలికి ఆపరేషన్ చెయ్యాలన్నారట, తనేమో వద్దనుకుంటోందట. మాస్టారు "ఊఁ" అనేలోపే కాజాలావిడ మిషన్ ఆపింది.

"అమ్మా, నాకు రెండు మోకాళ్లూ చేశారు. రోజూ ఈ మెట్లన్నీ ఎక్కే పనికొస్తున్నా."

"ఎవరన్నయ్యా ఆవిడ?"

ఆ తర్వాత అరగంట ఫోను మాస్టారిదే గానీ మాట ఆయనది కాదు. కాలర్లు కుట్టేవాళ్లు ఏ కాలని ఆరా తీశారు. ఇస్త్రీ బాబాయ్ ధైర్యం చెప్పాడు. చివరికి చెల్లెలు సరే చేయించుకుంటానంది. పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "అన్నయ్యా, నీతో ఒక్క మాట చెప్పాలి. స్పీకర్ లేనప్పుడు చెప్తాలే" అంది.

ఇక మాస్టారి బుర్ర తిరగడం మొదలైంది. ఏమిటా మాట? బావ ఏమైనా అన్నాడా? రిపేరుకిస్తే మూడు రోజులాగాలి. కొత్తది కొందామని రెండు కొట్లకు వెళ్లి, రెండు చోట్లా వాళ్లు చెప్పిందంతా విని, చేతులూపుకుంటూ తిరిగొచ్చాడు. మర్నాడు ప్యాంటుకు ముందు పెట్టాల్సిన జేబు గుర్తు వెనక పెట్టాడు.

అది కాజాలావిడ కంటపడింది. "చెల్లెలి మాటేగా మాస్టారూ మీ బెంగ? ఇదిగో నా ఫోను. బయటికెళ్లి మాట్లాడండి."

ఆయన తెల్లబోయి చూశాడు. ఆ మాటకొస్తే ఇంట్లో భార్యకూ ఫోనుంది. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదో!

మెట్ల మీద కూర్చుని చెల్లెలికి ఫోన్ కలిపాడు.

"భయంగా ఉందన్నయ్యా. వాళ్లంతా అంతలా చెప్తుంటే కాదనడానికి మొహమాటమేసింది."

"మానేస్తావా మరి?"

"ఏమో, తెలియట్లేదు. చేయించుకోవాలనే ఉంది. మీ బావకేమో సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయి. ఒక్కదాన్నే లోపలికెళ్లాలంటే..."

"నేనొస్తా. ఆ తలుపు దాకా నీతోనే ఉంటా. బయటికి తెచ్చేదాకా అక్కణ్ణుంచి కదలను."

ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడి ఏళ్లయింది.

ఆసుపత్రిలో స్పీకర్ పెడితే ఊరుకోరని ఆ సాయంత్రమే ఫోను రిపేరుకిచ్చాడు. నాలుగో రోజు వెళ్తే మైకు బాగయింది, స్పీకర్ మూగబోయింది.

"మళ్లీ విప్పమంటారా, కొత్తది చూపించమంటారా?" అన్నాడు షాపాయన.

రెండూ సబబుగానే తోచాయి. "ఊరెళ్లొచ్చాక చెప్తా" అని ఫోను జేబులో వేసుకుని, మర్నాడే చెల్లెలి దగ్గరికి బయలుదేరాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. వారం పోయాక పనిలోకొచ్చిన రోజు, పదకొండింటికి ఫోను అదిరింది. మాస్టారు చెవిలో పెట్టుకున్నాడు. మిషన్లన్నీ ఆగాయి గానీ ఎవరికీ ఏమీ వినపడలేదు.

"ఏమంటోంది?" అంది కాజాలావిడ.

"నడిచిందట. పది అడుగులు."

"ఏదీ, నన్ను విననివ్వండి" అని ఆవిడ ఫోను లాక్కుంది. ఆవిడ చెవి నుంచి అది కాలర్లవాళ్లకు, వాళ్ల నుంచి ఇస్త్రీ బల్ల దాకా వెళ్లింది. మళ్లీ తన దగ్గరికి ఎప్పుడొస్తుందో తెలియక మాస్టారు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాడు.