ఉన్నచోటే ఉండు

"రేపు సాయంత్రం తమ్ముడితో పాటు మేమూ వెళ్తున్నాం. పిల్లలూ, నేనూ," అంది భార్య.

"సరే," అన్నాడు అతను.

ఆమె తోముతున్న గిన్నె పక్కన పెట్టి వెనక్కి తిరిగింది. ఎన్నాళ్ళకని అడుగుతాడేమో, ఎందుకని అరుస్తాడేమో అని చూసింది. అతను గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. లైటు తీసేసి వంటింట్లోంచి బయటికి నడిచాడు. ఆమె ఇంకా లోపలే ఉంది.

చీకట్లోంచి ఆమె గొంతు వినిపించింది.

"చూశావా? ఇందుకే."

అతను ఎమర్జెన్సీ కంట్రోల్ రూములో ఆపరేటరు. ఊళ్ళో ఎవరింట్లో మంట లేచినా, ఎవరు మెట్ల మీంచి జారిపడినా ముందుగా పలికేది అతని గొంతే. ఆ గొంతుకి కట్టుబాట్లున్నాయి. ఎవర్నైనా "మీరు" అనాలి, పసిపిల్లల్ని కూడా. మొదట "ఎక్కడ" అని అడగాలి, ఆ తర్వాతే "ఏమైంది" అనాలి. "భయపడకండి" అనకూడదు, ఆ మాట వింటేనే జనానికి భయం పుడుతుంది. సాయం చేరగానే లైను వదిలెయ్యాలి. తర్వాత ఏమైందో అతనికి ఎవరూ చెప్పరు. అడగడం కూడా పద్ధతి కాదు.

రెండు నెలల కిందట ఒక పాప ఫోన్ చేసింది. అతని కూతురి వయసే ఉంటుంది. అమ్మ లేవడం లేదంది. తలుపు గడియ అందడం లేదంది. కుర్చీ జరుపుకోమని అతనే చెప్పాడు. ఎక్కాక గడియ తీసేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. బయట మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరైంది. "మీరు ఉంటారా?" అంది పాప. "ఉంటాను," అన్నాడు. అటువైపు ఎవరో ఫోను తీసుకుని పెట్టేశారు.

ఆ వెంటనే వచ్చిన ఫోను, గేటు సందులో వేలు ఇరుక్కున్న ఒకాయనది. దానికీ అదే గొంతుతో జవాబిచ్చాడు. ఇంటికొచ్చి భోజనం చేశాడు, పడుకున్నాడు. మర్నాడు లేచాక అన్నీ మామూలుగానే ఉన్నాయి, అద్దం అవతల ఉన్నట్టు. అప్పట్నుంచీ ఎవరేమన్నా అతని నోట వచ్చేది ఒకటే మాట. సరే.

*

భార్య వెళ్తానన్న మర్నాడు పొద్దున్నే అందరూ పార్కుకి బయల్దేరారు. బావమరిది డ్రైవింగు స్కూల్లో మాస్టారు. కారు అతనిదే, కబుర్లూ అతనివే.

"బావా, నువ్వు పక్క సీట్లో ఉంటే నాకు ప్రాణం హాయిగా ఉంటుంది. మా స్టూడెంట్లకి ఎదురుగా సైకిలొస్తేనే చెమటలు కారిపోతాయి. నీకు లారీ మీదికొచ్చినా గోడ గడియారం చూసినట్టే ఉంటుంది."

"ఆయన్ని వదిలెయ్యండి," అంది వెనక నుంచి బావమరిది భార్య. "మీలాగా నిమిషానికోసారి కేకలు పెడితేనేనా మనుషులు?"

వెనక సీట్లో ఆడవాళ్ళిద్దరూ, ముగ్గురు పిల్లలూ ఒకళ్ళ మీద ఒకళ్ళు సర్దుకున్నారు. ఆపరేటరు పిల్లలు ఇద్దరు. ఏడేళ్ళ కూతురు పిచ్చుక, మూడేళ్ళ కొడుకు బంతి. బావమరిదికి ఒక్కడే, అయిదేళ్ళవాడు. వేసవికి జుట్టు తీయించినప్పట్నుంచీ వాడు గుండు.

"నాన్నా, పిచ్చుక గిల్లింది!"

"బావని గిల్లకూడదమ్మా," అన్నాడు బావమరిది అద్దంలోంచి చూస్తూ.

"వీడు బావేంటి మామయ్యా, నాకన్నా పొట్టి!"

కారంతా నవ్వులు. గుండు ఆ పరాభవాన్ని దిగమింగుకుని ముందు సీటు మీదికి వంగాడు.

"మామయ్యా, చేపలకి దాహం వేస్తుందా?"

"తెలీదు," అన్నాడు ఆపరేటరు.

"నువ్వు ఫోన్లో అందరికీ అన్నీ చెప్తావంట కదా?"

"చేపలు ఫోన్ చెయ్యవు."

మళ్ళీ అందరూ నవ్వారు. తను జోకు వేశానని అతనికి అప్పుడు తెలిసింది. అద్దంలో భార్య కళ్ళు ఒక్క క్షణం అతని మీద నిలిచాయి. అతను రోడ్డు వైపు చూశాడు.

పార్కులో చెరువు చుట్టూ పిల్లల రైలు తిరుగుతుంది. గేటు దగ్గర ఒక స్టేషను, అవతలి ఒడ్డున ఇంకొకటి. మధ్యలో ఒక వంతెన, రేకులతో కట్టిన ఒక సొరంగం. టిక్కెట్ల వరసలో బావమరిది అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకి లాగాడు.

"బావా, అక్క నాకంతా చెప్పింది. నేనడిగి తీసుకెళ్తున్నది కాదు, నీకు తెలుసు. నువ్వొక్కసారి వెళ్ళొద్దను చాలు. మేం ముగ్గురమే నోరు మూసుకుని వెళ్ళిపోతాం. సాయంత్రం దాకా టైముంది."

"అంటే ఆగుతుందా?"

"ఆ మాట కోసమే కాచుకుని ఉంది, పిచ్చి బావా! చెవులు రిక్కించుకుని కూర్చుంది."

అతను ఆ మాట లోపల అనుకుని చూసుకున్నాడు. వెళ్ళొద్దు. దంతవైద్యుడు సూది వేశాక సొంత పెదవిని వేలితో తాకినట్టుంది. అక్కడ ఏదో ఉందని తెలుస్తోంది, అంతే.

"సరే," అన్నాడు.

బావమరిది తల పట్టుకున్నాడు.

*

రైలు నిండుగా ఉంది. ముందు పెట్టెలో ఆపరేటరూ, ఆడవాళ్ళిద్దరూ, అతని ఒళ్ళో బంతీ. చివరి పెట్టెలో బావమరిది, గుండు, పిచ్చుక. వంతెన దాటేసరికి బంతి నాన్న భుజం మీద నిద్రపోయాడు. అవతలి ఒడ్డున రైలు ఆగగానే చివరి పెట్టెలోంచి గుండు ఏడుపు వినిపించింది. వాడికి అర్జెంటు. బావమరిది వాణ్ణి చంకన వేసుకుని, మనుషుల్ని తోసుకుంటూ బాత్‌రూముల వైపు పరుగు తీశాడు.

"బావా! పిచ్చుకని చూడు!" అని అరిచాడు పరుగెడుతూనే.

రైలు కూత వేసింది. ఆ కేక ఆడవాళ్ళకి వినిపించలేదు. అతనికి వినిపించింది.

"సరే," అన్నాడు.

బంతి తల జారుతుంటే సరిచేసుకుని, ముందు నడుస్తున్న ఆడవాళ్ళ వెనకాలే చెరువు గట్టుకి వెళ్ళాడు. అక్కడ ఒక బెంచీ ఖాళీగా ఉంటే కూర్చున్నాడు. భార్య నీళ్ళలో బాతుల్ని మరదలికి చూపిస్తోంది.

కాసేపటికి బావమరిది తిరిగొచ్చాడు. చంకలో గుండు ఒక్కడే.

"పిచ్చుకేదిరా?" అంది భార్య.

"ఇక్కడ లేదూ? బావకి చెప్పి వెళ్ళానే!"

అందరూ అతని వైపు తిరిగారు.

"చెప్పాడు," అన్నాడు అతను. "సరే అన్నాను."

భార్య మొహంలో రంగు మారిపోయింది. గట్టుకి కంచె లేదు. నీళ్ళు అయిదారు అడుగుల దూరంలోనే ఉన్నాయి. "పిచ్చుకా!" అని అరిచింది. బాతులు లేచిపోయాయి, జవాబు మాత్రం రాలేదు. ఆమె చటుక్కున వెనక్కి వచ్చి అతని ముందు నిలబడింది. ఊపిరి అందడం లేదు. "ఏమండీ... ఎటు..." అంటోంది. ఏమండీ అనడం పెళ్ళయిన ఏడాదికే మానేసిన మనిషి.

అతని గొంతు దానంతటదే వచ్చింది. నిదానంగా, సమంగా, మెత్తగా.

"చెప్పండి. పాపని చివరిసారి ఎక్కడ చూశారు?"

ఆమె నోరు తెరుచుకుంది.

"మీరు నెమ్మదిగా చెప్పండి. నేను వింటున్నాను."

ఆమె అతని చొక్కా గుప్పిట పట్టుకుంది. "నేను నీకు ఫోన్ చెయ్యలేదు! నీ ఎదురుగా ఉన్నాను. తప్పిపోయింది నీ కూతురు!"

చొక్కా వదిలేసి నీటి అంచు వెంబడి పరుగెత్తింది. బావమరిది మళ్ళీ బాత్‌రూముల వైపు పరుగెత్తాడు. అతని భార్య గేటు దగ్గర మైకులో చెప్పిస్తానని అటు పోయింది. అందరూ నీళ్ళ వైపూ చెట్ల వైపూ చూస్తూ అరుస్తుంటే, వెనక ప్లాట్‌ఫారం మీదికి రైలు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. దానికేసి ఎవరూ చూడలేదు.

బెంచీ దగ్గర అతను మిగిలాడు. భుజం మీద బంతి. మోకాలి పక్కన గుండు.

మొదట ఎక్కడ. ఆ తర్వాతే ఏమైంది.

"గుండూ, పిచ్చుక రైలు దిగిందా?"

"నాన్న నన్నెత్తుకున్నాడుగా. అది కూర్చునే ఉంది."

"దిగడం చూశావా?"

"లేదు మామయ్యా. కూర్చునే ఉంది."

ఇదివరకు ఇంట్లో ఒక ఆట ఉండేది. అతను ఆపరేటరు, పిచ్చుక ఫోన్ చేసే మనిషి. దువ్వెనే ఫోను. తప్పిపోతే ఏం చెయ్యాలండీ? ఉన్నచోటే ఉండాలండీ. ఎవరైనా రమ్మంటే? రానండీ. ఎవరైనా అడిగితే ముందు ఏం చెప్పాలి? నేనెక్కడున్నానో చెప్పాలండీ. ఈ రెండు నెలల్లో ఆ పిల్ల దువ్వెన పట్టుకుని కొన్నిసార్లు వచ్చింది. సరే అన్నాడు, ఆడలేదు. తర్వాత రావడం మానేసింది.

అతను లేచాడు. గుండు చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి నడిచాడు. పరుగెత్తాలని తెలుసు. కాళ్ళకే ఆ కబురు అందినట్టు లేదు.

సొరంగంలోంచి రైలు కూత వేసింది.

చివరి పెట్టె అతని ముందుకొచ్చి ఆగింది. పిచ్చుక అదే సీట్లో, మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకుని, బళ్ళో కూర్చున్నంత బుద్ధిగా కూర్చుని ఉంది.

"నాన్నా, నేను కదల్లేదు," అంది.

"తెలుసు."

"ఇందాక అమ్మ అటు పరిగెడుతుంటే పిలిచాను. ఎవ్వరూ ఇటు చూడలేదు."

"దిగి రావాల్సింది."

"ఉన్నచోటే ఉండమన్నావుగా! కానీ ఆ ఉన్నచోటు ఆగట్లేదు నాన్నా. ఎక్కడున్నావని అడుగుతారు కదా అని చూసుకుంటూనే ఉన్నాను. వంతెన అని చెబ్దామనుకునేలోపల సొరంగం వచ్చేస్తోంది. ఏది చెప్పాలో తెలీలేదు."

అతను గట్టు వైపు తిరిగాడు. అరవాలి. "దొరికింది," అన్నాడు, పక్కనున్న మనిషికి చెప్పినట్టు. గుండు ఒకసారి అతని మొహంలోకి చూశాడు. ఇది ఈయన వల్ల అయ్యేది కాదని తేల్చుకున్నట్టు గొంతు చించుకున్నాడు.

"అత్తయ్యా! పిచ్చుక దొరికిందీ! రైల్లోనే ఉందీ!"

భార్య వచ్చి పిల్లని లాగి గుండెకి హత్తుకుంది. ఏడ్చింది, తిట్టింది, మళ్ళీ ఏడ్చింది. రైలు నడిపే ఆయన కూత వేసి, "చెయ్యి తియ్యండి సార్, బండి కదలాలి," అన్నాడు.

అప్పుడు చూసుకున్నాడు అతను. తన కుడి చెయ్యి పెట్టె కమ్మీని పట్టుకుని ఉంది. మణికట్టు దాకా వణుకుతోంది. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూశాడు. వేళ్ళు విడదీయడానికి కాస్త సమయం పట్టింది.

భార్య కూడా ఆ చెయ్యి చూసింది.

*

సాయంత్రం కారు డిక్కీలో సంచులు సర్దారు. గుండు ముందు సీట్లో తండ్రి స్టీరింగు తిప్పుతున్నాడు. బావమరిది కావాలనే టైర్లు ఒక్కొక్కటీ తన్ని చూస్తూ ఆలస్యం చేస్తున్నాడు, ఒక కంట బావని కనిపెడుతూ.

భార్య వెనక తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"వెళ్ళొద్దు," అన్నాడు అతను.

టైరు తన్నడం ఆగింది.

ఆమె అతని మొహం చాలాసేపు వెతికింది. "ఇది నువ్వంటున్నావా? ఎవరైనా అనమన్నారా?"

అబద్ధం చెప్పొచ్చు. ఫోన్లో అయితే ఏ మాట ఎప్పుడు చెప్పాలో అతనికి తెలుసు.

"తెలీదు," అన్నాడు.

ఆమె తల ఊపింది. కోపంగా కాదు. "తెలిశాక చెప్పు," అని లోపల కూర్చుంది. తలుపు వేసేముందు చెయ్యి చాపి, అతని కుడి చెయ్యి వేళ్ళు ఒకసారి నొక్కి వదిలింది.

కారు మలుపు తిరిగింది. అతను గేటు వేసి, లోపలికి వెళ్ళకుండా మెట్ల మీద కూర్చున్నాడు. వీధి లైట్లు వెలిగాయి. ఎదురింటి వాళ్ళు కుక్కని తిప్పుకుని వచ్చారు.

ఫోను మోగింది. భార్య నంబరు. మాట్లాడింది పిచ్చుక.

"నాన్నా, మేం ఇప్పుడు పెట్రోలు బంకు దగ్గరున్నాం."

"ఊఁ."

"ఇప్పుడు దాటేశాం. ఇప్పుడు పెద్ద వంతెన. గుండు నిద్రపోయాడు. బంతి నా కాలు మీద పడుకున్నాడు. అమ్మ నిన్ను భోజనం చెయ్యమంటోంది."

వెనక నుంచి బావమరిది గొంతు: "బావ చెయ్యి ఎలా ఉందో అడిగానని చెప్పు!"

"ఇప్పుడు చెట్లు, ఇంకా చెట్లు."

కబురు అందింది. ఎక్కడున్నారో తెలిసింది. ఇలాంటప్పుడు లైను వదిలెయ్యాలి. అతని బొటనవేలు అలవాటుగా తెర మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. లోపల ఏమీ కదలలేదు. వేలు మాత్రం కిందికి దిగలేదు.

"నాన్నా? ఇంకా ఉన్నావా?"

"ఉన్నాను."

"ఎక్కడ?"

అతను చుట్టూ చూశాడు. గేటు, మెట్లు, పిచ్చుక మర్చిపోయిన చెప్పుల జత.

"ఉన్నచోటే," అన్నాడు. "చెప్పు. చెట్లయ్యాక ఏమొచ్చింది?"