అత్త విడిగా తిన్న అన్నం

అది 1956. కొల్లేటి లంకలో పైడిరాజు చేపలు పట్టేవాడు. భార్య సావిత్రి వాటిని ఎండబెట్టి అమ్మేది. పైడిరాజు తల్లి వెంకటనరసమ్మకు అరవై దాటాయి. కోడలి పక్కనే కూర్చుని తినేది, కబుర్లు చెప్పి నవ్వించేది.

ఆ వేసవిలో ఉన్నట్టుండి ఆమె కంచం పట్టుకుని వెనక వసారాలోకి పోయి తినడం మొదలుపెట్టింది. సగం అన్నం కోళ్లకు వేసేసేది. సావిత్రి పలకరిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మొహం తిప్పుకుని ముక్తసరిగా బదులిచ్చేది.

"నా చేతి వంట ఆవిడకి చేదైపోయింది," అని సావిత్రి మొగుడి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

అతను తల్లిని అడిగితే, "ఆకలుండట్లేదురా," అని ఊరుకుంది.

ఒకరోజు సావిత్రికి కోపం ఆగలేదు. "ఇష్టం లేకపోతే మీరే వండుకోండత్తా!" అనేసింది. ముసలామె తలొంచుకుంది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

శ్రావణంలో ఆమెకు జ్వరం పట్టుకుంది. రోజూ సాయంత్రం చలి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. దోనెలో ఒడ్డుకు చేర్చి, బస్సులో ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు గుండె చాలాసేపు విని, నోరు తెరవమన్నాడు. చిగుళ్లు వాచి, పళ్ల మొదళ్లలోంచి చీము కారుతోంది.

"ఇదెన్నాళ్ల నుంచమ్మా?"

సావిత్రి వంగి అత్త నోట్లోకి అప్పుడే మొదటిసారి చూసింది.

"ఈ చిగుళ్లలోంచే క్రిములు రక్తంలో కలిసి గుండెకి పట్టినట్టున్నాయి. ముందే తీసుకొచ్చుంటే పళ్లతో పోయేది."

పెన్సిలిన్ సూదులు మొదలుపెట్టారు. మంచం పక్కన కూర్చుని సావిత్రి మెల్లగా అడిగింది. "నాతో ఒక్కమాట చెబితే ఏం పోయేదత్తా?"

"నోరు వాసనొత్తందే. నీకు రోతనిపిత్తదని దూరంగా తిన్నాను. నమిలితే పేణం పోయేది. నీ వంటకేం లోటే!"

సావిత్రి ఆమె చేయి పట్టుకుని ఏడ్చింది.

జ్వరం తగ్గింది గానీ గుండె కోలుకోలేదు. ఇంటికొచ్చాక సావిత్రి అన్నం మెత్తగా పిసికి, పులుసు కలిపి, తన చేత్తో తినిపించేది. ఐదు వారాలు అలా గడిచాయి. కార్తీకం రాకుండానే వెంకటనరసమ్మ పోయింది.

పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు, "కడదాకా బాగా చూసుకున్నావమ్మా," అన్నారు.

సావిత్రి తల అడ్డంగా ఊపింది. "లేదండీ. ఎందుకు తినట్లేదని నేనొక్కసారైనా నేరుగా అడగలేదు," అంది.