తొమ్మిదో జేబు

లారీ ముందు చక్రాలు కాటా పలక మీదికి ఎక్కగానే తూనిక గది నేల చిన్నగా వణికింది. వెర్లీన్ పావెల్కా తల ఎత్తలేదు. ఎడమచేత్తో కిటికీ అద్దం పక్కకు జరిపింది, కుడిచేత్తో యంత్రంలోకి చీటీ దూర్చి మీట నొక్కింది. చీటీ మీద నిండు బరువు టక్కున అచ్చయింది. డ్రైవరు ఆ చీటీ పట్టుకుని లోపలికెళ్ళి, గోధుమలు గోదాములో పోసి, మళ్ళీ ఇదే కాటా మీదికి రావాలి. అప్పుడు ఖాళీ బరువు రెండో గీతలో అచ్చవుతుంది. ఇరవై ఏడేళ్ళుగా కోతల కాలమంతా ఆవిడ పని ఇదే. ఒక్క చీటీ తప్పు పోలేదన్నది ఆవిడకున్న ఒకే ఒక్క గర్వం. అది పదిమందికీ గుర్తుచేయడానికి ఏమాత్రం మొహమాటపడేది కాదు.

అరవై మూడేళ్ళ మనిషి. మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు, చేతి ముడతల్లో గోధుమ దుమ్ము. కుడి మోకాలు చెడిపోయింది కనుక, బోర్లించిన బకెట్ మీద కాలు చాపుకుని కూర్చుంటుంది. ఆ మోకాలు చెడింది చర్చి సాఫ్ట్‌బాల్ జట్టులో ఆడి. అప్పుడామెకు ఇరవై రెండేళ్ళు, ఒక పరుగు కోసం నేలమీద జారింది. పరుగు వచ్చింది, మోకాలు పోయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "కోతలప్పుడు అడిగారు, తీరిక లేదన్నాను" అనేది.

ఆ రోజు జులైలో ఒక మంగళవారం. తూనిక కంప్యూటర్ పక్కన ఇంకో కంప్యూటర్‌లోంచి సన్నగా ఒక గొంతు వస్తోంది. బేస్‌బాల్ డ్రాఫ్ట్ చివరి రోజు. దేశంలోని పెద్ద క్లబ్బులన్నీ వంతులవారీగా కుర్రాళ్ళ పేర్లు చదివి తీసుకుంటున్నాయి. మొత్తం ఇరవై రౌండ్లు, మధ్యాహ్నానికి పన్నెండు అయిపోయాయి. ఆ ఊరి కుర్రాడు కోల్బీ వొండ్రా పేరు ఇంకా రాలేదు.

కిటికీ కింద హార్లన్ స్టంఫ్ లారీ వచ్చి ఆగింది. డెబ్బై ఏళ్ళు దాటిన రైతు. నోరు తెరిస్తే మూయడు.

"ఏమంటున్నారే నీ క్లబ్బుల వాళ్ళు? మన ఊరి కుర్రాణ్ణి చూశారా లేదా?"

వెర్లీన్ రెండు చేతులూ ఎత్తి పది వేళ్ళు చూపించి, తర్వాత మళ్ళీ రెండు వేళ్ళు చూపించింది.

"ఇంకా ఎనిమిది ఉన్నాయిలే. పోయినేడు కూడా ఇలాగే కూర్చున్నావు, చివరికి ముక్కు చీదుకుంటూ ఇంటికెళ్ళావు."

"దుమ్ము పడింది నా ముక్కులో. బండి తియ్యి, వెనక పదకొండు లారీలున్నాయి."

హార్లన్ నవ్వుకుంటూ కదిలాడు. వరుసలో వెనక ఉన్నవాళ్ళకి వేళ్ళతో ఆ లెక్కే చూపిస్తూ పోయాడు. ఊరి లారీలన్నీ ఆ పూట ఆవిడ వేళ్ళ మీదే నడిచాయి.

కోల్బీకి ఇరవై రెండేళ్ళు, జట్టులో బంతి విసిరే పిచ్చర్. కాలేజీలో ఆఖరి ఏడు అయిపోయింది. ఈ సారి పేరు రాకపోతే ఇక రాదు. అందుకే వాడు పొద్దున్నే ఫోను తల్లి చేతికిచ్చి, వాళ్ళ నాన్న డ్వేన్ పొలంలో కోత యంత్రం ఎక్కేశాడు. వింటే చేతులు ఆడవన్నాడట. వాడు వినని మాటలన్నీ వాడి తరఫున వెర్లీన్ చెవులు రిక్కించి వింటోంది.

ఆవిడ బల్ల సొరుగులో ఒక ఆల్బం ఉంది. అందులో ఒకే ఒక్క పేజీ, తొమ్మిది పారదర్శక జేబులతో. ఎనిమిదింటిలో ఎనిమిది కార్డులు, అన్నీ కోల్బీవే. పిల్లల జట్లకు ఏటా ఫోటో తీసే మనిషి వస్తాడు. నచ్చితే పిల్లాడి బొమ్మతో, అచ్చం అభిమానులు దాచుకునే పెద్ద ఆటగాళ్ళ కార్డుల్లాగే ఒక డజను అచ్చువేసి ఇస్తాడు. ఏడేళ్ళ కోల్బీ తండ్రి లారీలో వచ్చి, మిగిలిపోయిన ఒక కార్డు ఈ కిటికీలోంచి లోపలికి చాపి, "ఇది తీసుకుని లాలీపాప్ ఇస్తావా?" అని బేరం పెట్టాడు. వెర్లీన్ సీసాలోంచి ఎర్రది తీసి ఇచ్చింది. కార్డు వెనక బరువు రాయాల్సిన చోట ఖాళీ ఉంటే, వాణ్ణి కాటా పలక మీద నిలబెట్టింది. ఆ కాటా ఇరవై పౌండ్లకొక మెట్టు చొప్పున తప్ప కదలదు. అరవై చూపించింది. అది రాసింది. మరుసటి ఏడాది మళ్ళీ అరవయ్యే. పిల్లాడు ఏడుపు మొహం పెడితే, "వచ్చే ఏటికి ఎనభై అవుతావు చూడు" అని ఇంకో లాలీపాప్ ఇచ్చింది. అయ్యాడు. పద్నాలుగేళ్ళ దాకా ఏటా ఒక కార్డు, ఒక లాలీపాప్, ఒక తూకం.

నాలుగో కార్డు సంగతి ఊరందరికీ తెలుసు. ఫోటోల మనిషి తికమకపడ్డాడు. కింద పేరు కోల్బీ వొండ్రా, పైన బొమ్మ మాత్రం జట్టులో బంతి పట్టే క్యాచర్, లావు బుగ్గల టకర్ ఒలాండర్‌ది. కోల్బీ తల్లి వెనక్కి పంపేద్దామంది. వెర్లీన్ ఇవ్వనంది. ఇద్దరు పిల్లల చేతా దాని మీద సంతకాలు పెట్టించింది, ఇద్దరికీ చెరో లాలీపాప్ ఇచ్చింది. పద్నాలుగో ఏటి తర్వాత కోల్బీకి కార్డులు అచ్చువేసినవాళ్ళు లేరు. తొమ్మిదో జేబు ఎనిమిదేళ్ళుగా ఖాళీ. పెద్ద క్లబ్బు వాడు వేసే అసలు కార్డు కోసం దాన్ని అలాగే ఉంచింది. ఇంకొకరి కార్డు దాంట్లో పెట్టమంటే తిట్టినట్టు చూసేది.

మూడున్నరకు పదిహేడో రౌండు అయిపోయింది. పేరు లేదు. కిటికీలోంచి పది వేళ్ళూ, మళ్ళీ ఏడు వేళ్ళూ బయటికి వచ్చినప్పుడు వరుసలో ఎవరూ జోకులు వేయలేదు. వెర్లీన్ తాగుదామని పోసుకున్న కాఫీ చల్లారిపోయింది. ఆవిడకి నిజంగా భయం వేసింది. కోల్బీ ఓడిపోతాడని కాదు. రేపు లారీ తోలుకుంటూ ఈ కిటికీ కిందికి వస్తే, వాడి మొహంలోకి ఎలా చూడాలో తెలియక.

అప్పుడు కాటా మీదికి వొండ్రా వాళ్ళ లారీయే ఎక్కింది. నడిపేది టకర్. లావు బుగ్గలు అలాగే ఉన్నాయి, ఇప్పుడు వాటి మీద గడ్డం.

"మిస్ పావెల్కా, ఎంతవరకు..."

"ఉష్!"

కంప్యూటర్ గొంతు తాపీగా చదివింది. పద్దెనిమిదో రౌండు. క్లీవ్లాండ్. కుడిచేతి పిచ్చర్. వొండ్రా, కోల్బీ.

వెర్లీన్ వేళ్ళు చూపించలేదు. బకెట్ ఎగిరిపడేలా లేచి, చెడిన మోకాలి మీదే నిలబడి, కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచింది. ఏమని అరిచిందో ఆవిడకే తెలియదు. వరుసలోని లారీల తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. టకర్ దూకాడు. ఇంకో లోడుతో మళ్ళీ వరుసలోకి వచ్చిన హార్లన్ పరిగెత్తుకొచ్చాడు, డెబ్బై ఏళ్ళ కాళ్ళతో. ఆరుగురో ఏడుగురో కాటా పలక మీదే ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకుని గంతులేశారు. ఆ సంబరంలోనే ఆవిడ చెయ్యి అలవాటు కొద్దీ చీటీ దూర్చి మీట నొక్కింది.

టకర్ చీటీ జేబులో పెట్టుకుని లారీ ఎక్కి నాలుగు గజాలు కదిలాక, హార్లన్‌కి వెలిగింది.

"ఆగరా! వెర్లీన్, ఆ తూకంలో మేమందరం ఉన్నామే! డ్వేన్ గోధుమలతోపాటు నన్ను కూడా అమ్మేశావు!"

వెర్లీన్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇరవై ఏడేళ్ళ గర్వం మంటగలిసింది. అయినా నవ్వు ఆగలేదు.

"నిన్నెవడు కొంటాడు, పుచ్చు సరుకు! అందరూ దిగండి పలక మీంచి! టకర్, వెనక్కి తేరా బండి!"

టకర్ వెనక్కి తెచ్చాడు. ఈసారి తూకం పదమూడు వందల పౌండ్లు తగ్గింది. తప్పు చీటీ మీద ఆవిడే అడ్డంగా గీత కొట్టింది. గోధుమలు పోసేసిన టకర్ ఖాళీ లారీ హారన్ ఊరి బయటిదాకా మోగుతూనే పోయింది. పొలంలో కోత యంత్రం ఆగిందనీ, డ్వేన్ టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడనీ, టోపీకి దుమ్ముందని బుకాయించాడనీ తర్వాతి లారీ కబురు తెచ్చింది.

ఆరు దాటాక కోల్బీ వచ్చాడు, నడిచి. కారు రోడ్డు మీద ఆపి ఉంది, డిక్కీ నిండా సంచులు. చొక్కా మార్చుకున్నాడు గానీ మెడ మీద పొట్టు ఇంకా అంటుకునే ఉంది. కిటికీ కింద నిలబడితే తల సరిగ్గా ఆవిడ తలకు ఎదురుగా వచ్చింది. ఒకప్పుడు టోపీ మాత్రమే కనబడేది.

"రాత్రికి డెన్వర్, పొద్దున విమానం. అరిజోనాలో క్లబ్బు శిబిరానికి రమ్మన్నారు, మిస్ పావెల్కా."

"తిన్నావా?"

"అమ్మ మూడుసార్లు పెట్టింది." బల్ల సొరుగు వైపు చూశాడు. "కార్డు లేదు. వాళ్ళు ఎప్పుడు వేస్తారో, అసలు వేస్తారో లేదో. ఆ జేబు..."

"జేబు సంగతి నాకొదిలెయ్. పలక మీద నిలబడు."

కోల్బీ నవ్వి, వెనక్కి పది అడుగులు వేసి, లారీలు తూగే ఆ పెద్ద పలక నడిమధ్యలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెర్లీన్ కొత్త చీటీ దూర్చి మీట నొక్కింది. చీటీ బయటికి చాచి, సంతకం పెట్టమంది. పెట్టాడు.

"ఇది సగం చీటీయే కదా? రెండో గీత పడలేదు."

"అది తిరిగొచ్చినప్పుడు పడుతుంది. నా కాటా ఎక్కినవాడు మళ్ళీ వచ్చి తూగాల్సిందే. నీకని రూలు మార్చను."

సీసా మూత తీసి రెండు ఎర్ర లాలీపాప్‌లు ఇచ్చింది. ఒకటి అప్పుడే నోట్లో పెట్టుకున్నాడు. రెండోది చొక్కా జేబులో వేసుకుని, కిటికీలోంచి వంగి ఆవిడ దుమ్ము చెంప మీద ముద్దుపెట్టి, గబగబా నడిచి వెళ్ళాడు. కారు పడమటి రోడ్డు ఎక్కి, కోసిన చేల మధ్య చిన్నదై, మలుపు దగ్గర కనబడకుండా పోయింది. వెర్లీన్‌కి ఏడుపు వచ్చింది. ఈసారి దుమ్ము అనలేదు, అనడానికి ఎదురుగా ఎవరూ లేరు కూడా. ఇంత సంతోషంగా తన జీవితంలో ఎప్పుడు ఏడ్చిందో ఆవిడకి గుర్తులేదు.

వెనక ఇంకో లారీ హారన్ కొట్టింది. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని, దాన్ని తూచి పంపి, సొరుగు లాగింది.

తొమ్మిదో జేబులో ఆ పసుపు చీటీ సరిగ్గా పట్టింది: పై గీతలో నిండు బరువు రెండు వందల పౌండ్లు, పక్కన వంకర సంతకం, కింద ఖాళీ బరువు రావలసిన చోట ఇంకా ఏమీ పడకుండా మిగిలిన గీత.